ఎనిమిది నైవేద్యాల చిరుముద్దలమ్మ

గుండ్లకమ్మ ఒడ్డున, సారెమిట్ట అనే చిన్న గుట్ట మీద చిరుముద్దలమ్మవారు కొలువై ఉన్నారు. బస్సు దిగి డెబ్బై మెట్లు ఎక్కితే గుడి వస్తుంది. ఇక్కడికి వచ్చేవారిలో సగం మంది జబ్బు చేసి లేచినవారే కనుక పది మెట్లకొక అరుగు కట్టించారు. ఇతర ఆలయాలలో మూడు పూటలా నైవేద్యం జరిగితే, ఈ తల్లికి రోజుకు ఎనిమిదిసార్లు జరుగుతుంది. అదీ అరచేతిలో ఇమిడే మట్టి ముంతతో! అమ్మవారి దగ్గర ఇంత పిసినారితనమేమిటని కొత్త భక్తులు అర్చకులను నిలదీయడం మామూలే. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ ముప్పై గడపల కుమ్మరులు ఉండేవారు. వారందరికీ అంకయ్య అనే వైద్యుడే దిక్కు. అమ్మవారికి పూజ చేసేదీ ఆయనే. హస్తవాసి గలవాడు, దయ గలవాడు. పథ్యం మాట వస్తే మాత్రం ఎవరి మాటా వినడు. జ్వరం విడిచిన నలభై రోజుల దాకా రోగికి కాచిన నీళ్లు, గంజి తేట తప్ప మరేమీ పెట్టనిచ్చేవాడు కాదు. దానికి కారణం లేకపోలేదు. ఆయన తమ్ముడు చిన్నతనంలో జ్వరం నుంచి లేచి, ఆకలికి ఆగలేక ఒక్కసారే కడుపు పగిలేలా తిని ప్రాణం పోగొట్టుకున్నాడు. నాటి నుంచి రోగి ముందు అన్నం కనిపిస్తే చాలు, అంకయ్య ఆ గిన్నె తీయించేసేవాడు.

ఒక ఏడు గురవయ్య అనే కుమ్మరికి విషజ్వరం తగిలి, నెలకు గానీ విడవలేదు. పథ్యం మొదలైంది. కుండను సారె నుంచి కోసే దారంతో అతని భార్య నాంచారమ్మ ప్రతి మంగళవారం భర్త దండచేయి చుట్టూ కొలిచి, కొలత దగ్గర ముడి వేసేది. మూడో వారానికి ముడి రెండు వేళ్లు లోపలికి వచ్చింది. ఆమె దారం పట్టుకుని అంకయ్య దగ్గరకు పరుగెత్తింది.

"మామా, జొరం పోయిందన్నావు. మడిసి కూడా పోతా ఉండాడు, చూడు" అని ముడులు చూపించింది.

"ఓర్చుకోమ్మా. ఇప్పుడు అన్నం పెట్టావా, మా తమ్ముడి గతే పడతది" అన్నాడాయన.

"పోనీ, అమ్మోరి పెసాదం పెట్టొచ్చా?" అని అడిగింది నాంచారమ్మ.

ప్రసాదం వద్దనడానికి ఎంతటి వైద్యుడికైనా నోరు రాదు కదా! "అది వద్దనేదానికి నేనెవుర్ని? చిన్న ముద్దే సుమా" అన్నాడు అంకయ్య.

ఆమెకు అది చాలు. మర్నాడు పొద్దున్నే చిన్న ముంతలో రాగిజావ, మజ్జిగ కలిపి తెచ్చి నివేదన చేయించి, ఆ ప్రసాదం భర్తకు తినిపించింది. కాసేపటికి మెత్తగా ఉడికిన పెసరపప్పు, నేతిచుక్కతో మళ్లీ ప్రత్యక్షమైంది. తరువాత అరటిపండు గుజ్జు. ఇలా పొద్దుగూకేలోగా ఎనిమిదిసార్లు గుట్ట ఎక్కి దిగింది. గంట కొట్టీ కొట్టీ అంకయ్య చేతులు పడిపోయాయి.

రెండోనాటి మధ్యాహ్నం ఆయన మండపంలో కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించింది. ఆమె చేతులు పుల్లల్లా ఉన్నాయి. గాజులు నిలవక జారిపోతున్నాయి. "అంకా, నీ తమ్ముడి ప్రాణం తీసింది అన్నం కాదురా. అన్నాళ్లు మాడ్చి ఒక్కసారిగా తిననివ్వడం. ఆ పిల్ల పెడుతున్నట్టు పెట్టు, కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. నువ్వు మాడ్చిన ప్రతి బిడ్డతోనూ నేనూ పస్తులున్నాను" అని పలికింది.

అంకయ్య లేచి కూర్చుని ఏడ్చాడు. ఆపైన తానే ముంత పట్టుకుని గురవయ్య ఇంటికి నడిచాడు. రోగి మొహం తిప్పుకుంటే బలవంతపెట్టలేదు. కాసేపాగి మళ్లీ ఇచ్చాడు. రోజులు గడిచేకొద్దీ ముద్ద పెంచుతూ వచ్చాడు. తొమ్మిదో మంగళవారం దారాన్ని చేతికి చుడితే, చేయి నిండి మొదటి ముడి కూడా అందలేదు. నాంచారమ్మ వీధిలోకి వచ్చి పెట్టిన కేక ఊరంతా వినబడిందట. గురవయ్య మళ్లీ సారె ముందు కూర్చుని మొట్టమొదట చేసినది అమ్మవారి నైవేద్యపు ముంతే. నాటి నుంచి తల్లికి చిరుముద్దలమ్మ అనే పేరు స్థిరపడింది.

నేటికీ జబ్బు పడి చిక్కినవారి దండచేతి కొలతతో ఇక్కడ దారం ఇస్తారు. అది కురచైన నాడు తెచ్చి గర్భగుడి గడపకు కడతారు. దారం వదులైతే మాత్రం గుడికి కాదు, ముందు డాక్టరు గారి దగ్గరకు వెళ్లమని అర్చకులే పంపుతారు. మందు, ముద్ద రెండూ మానని ఇంట తల్లి చల్లని చూపు ఉంటుందని పెద్దల నమ్మకం.

ఇక్కడ అర్చకులు గోత్రనామాల కంటే ముందు, "ఈ పూట ఏం తిన్నారు?" అని అడుగుతారు. తినబుద్ధి కాలేదన్నవారిని అక్కడే కూర్చోబెట్టి, చేతికి ముంత ఇస్తారు. వెనుక వరుసలో ఎంతటివారు నిలబడి ఉన్నా సరే, ఆ నాలుగు ముద్దలు గొంతు దిగాకే అమ్మవారికి హారతి.