సున్నం లేని తాంబూలం

విజయగోపాల మహారాజుకు ఆ ఉదయం తనను తాను మెచ్చుకోవాలనిపించింది. నిండు సభలో మీసం దువ్వాడు.

"మందు అందరిదీ అని ఏడాది కిందట దండోరా వేయించాం. మన రాజ్యంలో మందు అందని రోగి ఒక్కడుంటే చూపండి. చూపినవాడికి ఈ ముత్యాలహారం!"

సభంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది రాజవైద్యుడు మల్లంభట్టు.

రాజుకు తాంబూలం చుట్టిచ్చే బొల్లయ్యకు మాత్రం చేతులాడలేదు. పొద్దున వస్తూ పొరుగింటి కుమ్మరి ఎర్రక్కను చూసి వచ్చాడు. ఆమె మొగుడికి ఉబ్బసం. గోడకానుకుని కూర్చుని, ఒక్కో ఊపిరినీ లోతు బావిలోంచి తోడుకుంటున్నాడు. ధర్మవైద్యశాలలో ఇచ్చిన మాత్రలు తొమ్మిది రోజులుగా గూట్లోనే ఉన్నాయి.

"వేయలేదేం వదినా?"

"కుంకుమపువ్వు, కస్తూరి రంగరించిన తేనెతో వేయాలట బొల్లయ్యా. లేకుంటే పనిచేయదని భట్టుగారే చెప్పారు. మాత్ర సర్కారుదట, దాంతో కలిపి పుచ్చుకునే అనుపానం రోగిదట. కుండలన్నీ అమ్మినా కస్తూరి వాసన కూడా రాదు."

దండోరా గొప్పదే. కానీ డప్పు చప్పుడుకు ఆయాసం తగ్గదు గదా!

"మందు అందనివాడు ఒకడున్నాడు ప్రభూ," అన్నాడు బొల్లయ్య. "కుమ్మరి ఎర్రక్క మొగుడు."

మల్లంభట్టు పకపకా నవ్వాడు. "వాడికి నా చేత్తోనే ముప్పై మాత్రలిచ్చాను. తమలపాకులు తుడుచుకునేవాడివి, నీకెందుకోయ్ వైద్యం?"

"నిజమే స్వామీ. నాకు ఆకులే తెలుసు."

"భట్టుగారు మా పేరు నిలబెట్టారు. ముందు వారికి తాంబూలమివ్వు," అన్నాడు రాజు.

బొల్లయ్య వెండిపళ్లెం చాచాడు. భట్టు దర్జాగా అందుకుని నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. ముఖం చిట్లించాడు.

"వట్టి ఆకు ఇచ్చావేమిట్రా! సున్నమేదీ? వక్కేదీ?"

"ఆకు దర్బారుది స్వామీ. సున్నం, వక్క నమిలేవారివి."

"మూడూ కలవందే నోరెలా పండుతుంది? ఇది తాంబూలమా? మేకల మేత!"

బొల్లయ్య రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఎర్రక్క మొగుడికి అందింది కూడా ఇదే ప్రభూ!"

గూట్లో మాత్రల సంగతి, కస్తూరి సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. రాజు చెయ్యి మీసం మీంచి జారిపోయింది.

"ఏం భట్టుగారూ, కస్తూరి లేకుంటే ఆ మాత్ర పనిచేయదా?"

"చస్తే పనిచేయదు ప్రభూ! రాజవైద్యుడి మాటంటే మాటే!"

"మంచిది. నేటి నుంచి అనుపానం ఎవరు చెబితే ఖర్చు వారిదే. కుంకుమపువ్వు, కస్తూరి, తేనె మీ ఇంటినుంచే పంపండి. రాజ్యంలోని రోగులందరికీ!"

భట్టుకు పొలమారింది. నోట్లోని ఆకు గుటుక్కున మింగాడు.

"ప్రభూ... ఇప్పుడే గుర్తొచ్చింది... ఆ మాత్ర అల్లంరసంతో కూడా దివ్యంగా పనిచేస్తుంది."

సభ ఘొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ ముత్యాలహారం తీసి బొల్లయ్య మెడలో వేశాడు.

బొల్లయ్య తల వంచి, మెల్లగా అడిగాడు. "ఆ అల్లమైనా వారింటిదే కదా ప్రభూ?"

"అల్లం వారిదే, దంచే చెయ్యీ వారిదే!" అన్నాడు రాజు. "పదండి భట్టుగారూ, ఎర్రక్క ఎదురుచూస్తోంది!"