నాంచారి పెంచిన ఈగపులి

అనగనగనగా, బెల్లం మిఠాయి వండే ఓ ఊళ్ళో జనం కంటే ఈగలెక్కువ. బెల్లమున్న చోట ఈగలుండవూ మరి! ఆ ఊళ్ళో పేరిందేవమ్మ అనే మిఠాయి కొట్టావిడ ఇంటికి నాంచారి అనే పిల్ల కొత్తకోడలిగా వచ్చింది. సారెలో చలిమిడి తెచ్చింది, అరిసెలు తెచ్చింది, వాటి చాటున మూతున్న చిన్న చెక్కడబ్బా ఒకటి తెచ్చింది. అందులో ఏముందో తెలుసా? ఈగపులి. అదేరా బాబ్జీ, గోడ మీద నక్కి నక్కి, ఈగ మీదికి టపీమని దూకుతుందే, బుల్లి సాలీడు, అది. ఊ కొడుతున్నారా?

నాంచారికి అదంటే ప్రాణం. పుట్టింటి నుంచి తోడొచ్చింది అదొక్కటే కదా. రోజూ ఓ ఈగని పట్టి పెట్టేది, వేలికొనతో నీటిచుక్క అందించేది. అది రెండు పెద్ద కళ్ళేసుకుని ఆ పిల్ల మొహంలోకే చూసేది. ఇటు జరిగితే ఇటు తిరిగేది, అటు జరిగితే అటు తిరిగేది. మీ తాతయ్య నన్నెప్పుడూ అలా చూసెరగడు, అది వేరే సంగతి.

ఇలా ఉండగా ఆ ఈగపులి తిండి మానేసింది. తెల్లటి సంచి ఒకటి అల్లుకుని, అందులో దూరి తలుపేసుకుంది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, అయిదు రోజులు. బయటికి రావే, ఒక్క ఈగైనా తినవే అని నాంచారి పెరట్లో కూర్చుని బతిమాలుతోంది. ఎవరితోనే ఆ మాటలు అని లోపల్నించి అత్తగారు అడిగింది. నా ఈగపులితో అత్తా అంది నాంచారి.

పేరిందేవమ్మకి చెవి కాస్త మందం. ఈగ జారిపోయింది, పులి మిగిలింది. గరిటె చేత్తో పట్టుకునే పక్కింటికి పరిగెత్తి, మా కోడలు పులిని పెంచుతోందమ్మా అని చెప్పింది. పక్కింటావిడ పాలమ్మాయికి చెప్పింది, పులిట, చారలున్నాయిట అని. పాలమ్మాయి గాజులవాడికి చెప్పింది, పులిట, చారలున్నాయిట, రోజుకో మేకట అని. గాజులవాడు కోటలో చెప్పాడు, పులిట, చారలున్నాయిట, రోజుకో మేకట, మేకలైపోతే మనుషులట అని. అమ్ములూ, నిద్రపోకు, రాజుగారొస్తున్నారు.

ఆ రాజుగారికి మీసాలు బారెడు, ధైర్యం బెత్తెడు. భటుల్ని పంపాడు. వాళ్ళూ ఆ బాపతే, గుమ్మం ఎక్కకుండా వీధిలోంచే అరిచారు. రేపు పులిని తెచ్చి సభలో చూపించాలిట, లేకపోతే ఇంటిల్లిపాదీ మిఠాయి బాణలితో సహా ఊరొదిలి పోవాలిట.

అప్పుడు నాంచారి డబ్బా తీసి అత్తగారికి చూపించింది. పేరిందేవమ్మ లబోదిబోమంది. పుల్లతో ఆ సంచి చింపవే, ఆ పురుగుని బయటికి లాగవే, రాజుగారికి చూపించి కొంప నిలబెట్టుకుందాం అంది. పుల్ల తనే తెచ్చింది కూడా. నాంచారి డబ్బాని గుండెలకి హత్తుకుంది. ఈగపులి తలుపేసుకుందంటే కుబుసం విడుస్తోందనీ, అప్పుడు తాకితే బతకదనీ వాళ్ళ నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. చింపితే ఇది పోతుంది, చింపకపోతే ఇల్లు పోతుంది. ఆ పిల్లకి ఏడుపొచ్చేసింది.

"పురిటిగది తలుపు ఎవరైనా తోస్తారా అత్తా?" అంది.

ఆ ఇంట్లోనే నలుగుర్ని కన్న మనిషి పేరిందేవమ్మ. ఆ పుల్లని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేసింది.

మర్నాడు అత్తాకోడళ్ళిద్దరూ సభకెళ్ళారు. రాజుగారు సింహాసనం వెనక నిలబడి, ఊఁ, మూత తీయండి అన్నాడు. తీస్తే ఏముంది, తెల్లటి సంచి. నన్ను వేళాకోళం చేస్తారా అని రాజుగారు మండిపడ్డాడు. పేరిందేవమ్మ చేతులు జోడించి, తప్పు నా చెవిది మహారాజా, నా కోడలిది కాదు, సాయంత్రం దాకా ఆగండి, లోపలిది తనే వస్తుంది అని వేడుకుంది. రాజుగారికి ఎలాగూ పనేం లేదు, సరే అన్నాడు.

మధ్యాహ్నం గడిచింది. ఎండ మెట్ల మీదికి వచ్చింది. అప్పుడు సంచి కదిలింది. చివర చిరిగింది. అందులోంచి ఎండిపోయిన ఈగపులి జారి కిందపడింది. ఎనిమిది కాళ్ళూ ఉన్నాయి, మొహం ఉంది, ఉలుకూ పలుకూ లేదు. అయిపోయిందన్నారు అందరూ. నాంచారి నేల మీద కూలబడి బావురుమంది. ఊరు పోతుందని కాదర్రా, అది పోయిందని.

పేరిందేవమ్మకి చెవులు మందమైనా కళ్ళు చురుకు. వంగి చూసింది.

"ఏడవకే పిచ్చిమొహమా. ఇది విడిచేసిన చొక్కా. మనిషి లోపలుంది."

అన్నట్టే వెనకాలే ఇంకోటి తొంగిచూసింది. లేతగా, కొత్తగా, ఓ కాలు, రెండు కాళ్ళు, ఎనిమిది కాళ్ళూ బయటపెట్టి కూర్చుంది. నాంచారి నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. పట్టుకున్న ఊపిరి సభంతా ఒక్కసారి వదిలింది. అందరికంటే గట్టిగా వదిలింది రాజుగారే. సింహాసనం వెనకనుంచి మెల్లిగా వచ్చి, మరి చారలేవీ అని అడిగి, తనకే సిగ్గేసి, ఆజ్ఞ రద్దు చేసి ఇంటికి పొమ్మన్నాడు.

దారంతా డబ్బాని అత్తగారే పట్టుకుంది. కోడల్ని ముట్టుకోనివ్వలేదు. వీధి మలుపులో పక్కింటావిడ ఎదురొచ్చి, అదేమిటని అడిగింది. పేరిందేవమ్మ ఆగి, ఆవిడ చెవి దగ్గరికెళ్ళి, నిదానంగా చెప్పింది.

"ఈగ. పులి. రెండూ విన్నావా? రెండూ విన్నాకే ఇంకోరికి చెప్పు."

మీరూ అంతే, సగం విని ఊరంతా చెప్పకండి. కథేమో కంచికి బయల్దేరింది, మీరేమో దుప్పట్లోకి బయల్దేరండి.