అక్కలమ్మ పిడికెడు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు జట్కాబండి తోలే కంబాల సూరప్ప. ఆయనకు చెప్పింది వాళ్ళ నాన్న. ఆ నాన్నకు ఎవరు చెప్పారో సూరప్పకు తెలియదు, కాబట్టి నాకూ తెలియదు. తెలిసినంతవరకు చెప్పాను. ఇక వినండి.

ఒకానొక కాలంలో మణిమేడు రాజ్యాన్ని ఉద్దండరాయలు ఏలుతుండేవాడు. పేరుకు తగ్గ మనిషి. ద్వారబంధం కింద నుంచి వంగి రావలసిందే. చెయ్యి చాపితే చేటంత. ఆ చేత్తోనే కత్తి తిప్పాడు, ఆ చేత్తోనే గంటం పట్టి గుర్రాల వైద్యం మీద ఒక గ్రంథం రాశాడు. దానికి నలభై ప్రతులు తీయించి ప్రతి లాయానికీ, ప్రతి పాఠశాలకూ పంపాడు. గ్రంథం చివరి తాటాకు మీద ఇలా రాసి ఉంటుంది: "ఇందులో పరుల మాట ఒక్కటీ లేదు. ప్రతి మందూ నా చేత్తో కొలిచి, నా చేత్తో తినిపించి చూసినదే."

ఆ గ్రంథం బయటికి వచ్చినప్పటి నుంచి రాజుకు ఒక పిచ్చి పట్టుకుంది. విద్యాపీఠంలో చదువు ముగించేవాడు తన సొంత గ్రంథం ఒకటి రాసి కొలువులో వినిపించాలి. అందులో పరుల మాట పేరు చెప్పకుండా దూరిందేమోనని రాజే స్వయంగా చెవులు రిక్కించి వినేవాడు. దొరికితే మాటదొంగ అని చాటింపు. గంటం విరిచి, మొహానికి మసి పూసి, పొలిమేర దాటించేవారు. ఆ తరువాత ఆ మనిషికి రాజ్యంలో ఎవరూ ఒక్క తాటాకైనా ఇవ్వకూడదు.

బాగానే ఉంది. దొంగను దొంగ అనాల్సిందే. కానీ ఆ విద్యాపీఠంలో ఇంకో ఆచారం కూడా ఉంది. అంతకుముందు ఏదో ఒక గ్రంథం రాసినవాళ్ళ పేరే ప్రమాణంగా కొత్త గ్రంథంలోకి ఎక్కాలి. నోటితో చెప్పినవాళ్ళ పేరు ఎక్కకూడదు. రాతలేని మాట ప్రమాణం కాదని పెద్దలు తీర్మానించారట. ఏ పెద్దలో అడిగితే ఎవరికీ తెలియదు.

రాజుగారి కొలువులో బొల్లయ అనే లేఖకుడు ఉండేవాడు. తాటాకులు ఉడకబెట్టి, ఆరబెట్టి, విద్యార్థుల రాతకు చక్కని ప్రతి తీసి, చిల్లు పొడిచి తాడు కట్టి ఇవ్వడం ఆయన పని. మాటకారి. రాజుకు విసుగు పుట్టినప్పుడల్లా బొల్లయను పిలిపించి నవ్వుకునేవాడు. అలాంటి బొల్లయ మాటకారితనం ఒక ఉదయం కొలువులో పనికిరాకుండా పోయింది.

ఎందుకంటే, తిప్పన అనే విద్యార్థి ఆ రోజు తన గ్రంథం చదువుతున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. అతనిదీ గుర్రాల రోగాల మీదే. "కడుపుశూలకు ఉమ్మెత్తాకు పొడి పిడికెడు, పాతబెల్లంలో కలిపి, పొద్దు వాలకముందే పెట్టవలెను" అని చదివాడో లేదో, రాజు చెయ్యెత్తాడు.

"ఆగు! ఈ మాట నా గ్రంథంలోది. నా పేరేదీ?"

"ప్రభూ, ఇది మీ గ్రంథంలోంచి తీసుకున్నది కాదు. మా నాయనమ్మ అక్కలమ్మ చెప్పింది."

"మీ నాయనమ్మ ఏ గ్రంథం రాసింది?"

"ఆవిడకు అక్షరం ముక్క రాదు ప్రభూ. లాయంలో గుర్రాలకు దాణా పెట్టేది."

కొలువు కొలువంతా గొల్లుమంది. "నాయనమ్మ ప్రమాణమట! రేపు పిల్లి ప్రమాణం తెస్తాడు!" అన్నాడొకడు.

రాజు నవ్వలేదు. "నీ గ్రంథంలో ఆ నాయనమ్మ పేరైనా ఉందా? లేదు. నా పేరూ లేదు. నాలుగో రోజు పొద్దున లోగా నా గ్రంథం కంటే పాత ప్రమాణం చూపించు. లేకపోతే గంటం విరుగుతుంది" అన్నాడు.

తిప్పన తలవంచుకున్నాడు గాని, ఒకసారి బొల్లయ వైపు చూశాడు. ఆ చూపు బొల్లయకు ముల్లులా దిగింది. నాయనమ్మ పేరు ఆ గ్రంథంలో మొదట ఉండేది. మొదటి ఆకు మీదే ఉండేది. "ఇందులోని మందులు మా నాయనమ్మ అక్కలమ్మ చెప్పినవి" అని తిప్పన పొందికగా రాసుకొచ్చాడు. బొల్లయే ఆ ఆకు తీసేశాడు.

"నాయనా, దాణా పెట్టే ఆవిడ పేరుతో మొదలెడితే వాకిట్లోంచే వెనక్కి పంపుతారు. ఆచారం తెలియదా?" అన్నాడు. తిప్పన కాసేపు నసిగి, సరేనన్నాడు. ఆ ఆకు, తాటాకులు ఉడికే కాగు కింద పొయ్యిలోకి పోయింది.

కొలువులో అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. చెబుదామని బొల్లయ నోరు తెరిచాడు. రాజు గుడ్లు ఉరిమి చూస్తున్నాడు. నోరు మూతపడింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. పని ముందు కూర్చుంటే చిల్లు పడాల్సిన చోట ఆకు చీలింది. నా మాట విని ఒక పిల్లవాడి బతుకు చీలిపోతోంది కదా అనుకున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరి, మధ్యాహ్నానికి అక్కలమ్మ ఇల్లు చేరాడు. ఎనభై ఏళ్ళ మనిషి. పిట్టంత ఉంది. గుమ్మంలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. బొల్లయ జరిగినదంతా దాచకుండా చెప్పాడు.

"నా పేరు పొయ్యిలో పెట్టావా?"

"పెట్టానమ్మా."

"బాగా మండిందా?"

బొల్లయ గుమ్మం కింద నేల మీద కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్ళు ఆ లాయంలో పేడ ఎత్తాను. దొరకు పదేళ్ళప్పుడు ఆయన గుర్రపుపిల్ల కడుపునొప్పితో నేల మీద దొర్లుతుంటే, ముక్కు చీదుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. నేనే చెయ్యి పట్టి కొలత నేర్పాను. దొర మరిచిపోయాడు. నువ్వు కాల్చేశావు. నా మనవడు ఊరుకున్నాడు. ముగ్గురు మగాళ్ళూ కలిసి భలే పని చేశారురా!"

"ఆ మాట నువ్వే కొలువులో చెప్పు తల్లీ."

"చెబితే నమ్ముతారా? రాజుగారు మరిచారని ముసలిది అంటే నాలుక కోస్తారు."

నిజమే. బొల్లయ తల పట్టుకున్నాడు. ముసలమ్మకు తిట్టడం అయ్యాక జాలేసింది. "తిన్నట్టు లేవు. ఇదిగో, పిడికెడు ఉలవగుగ్గిళ్ళు తిను" అని చేతిలో పోసింది. అరచేయి సగం కూడా నిండలేదు.

"పిడికెడన్నావు కదమ్మా?"

"నా పిడికెడు అంతే. నీ పిడికెడు కావాలంటే నీ ఇంట్లో తిను."

బొల్లయ నమలడం ఆపేశాడు. తన చేతిని చూసుకున్నాడు. ఆవిడ చేతిని చూశాడు. తరువాత రాజుగారి చేటంత చెయ్యి కళ్ళముందు ఆడింది. "అమ్మా, ఉమ్మెత్తాకు పొడి ఎక్కువైతే గుర్రం ఏమవుతుంది?" అని అడిగాడు.

"ఏమవుతుంది? చస్తుంది."

ఉపాయం తట్టింది గాని భయం తగ్గలేదు, రెట్టింపయింది. ముసలమ్మను ఒప్పించి వెంట తెచ్చుకుని, మూడో రోజు లాయం పెద్ద మల్లుడి దగ్గరికి వెళ్ళి గుట్టు చెప్పాడు. "రేపు కొలువులో నువ్వు నిజం ఒక్కటే చెప్పు. చాలు" అని బతిమాలాడు.

మల్లుడు చేతులు జోడించాడు. "నన్ను లాగకు బొల్లయ్యా. పిల్లలు గలవాణ్ణి. రాజుగారి గ్రంథం తప్పని ఏ నోటితో అనను? నేను నోరు విప్పను."

నాలుగో రోజు కొలువు తీరింది. మసిగిన్నె సిద్ధంగా ఉంది. తిప్పన మొహం అప్పటికే మసి పూసినట్టు ఉంది. "ప్రమాణమేదీ?" అన్నాడు రాజు.

బొల్లయ ముందుకొచ్చాడు. "ప్రభూ, మాటకు సొంతదారు ఎవరో మాటలో తెలియదు, చేతిలో తెలుస్తుంది. మీ గ్రంథంలో స్వహస్తంతో కొలిచి తినిపించానని సెలవిచ్చారు. కొలువంతా చూసేలా ఒక్కసారి కొలిచి చూపిస్తే, ఈ పిల్లవాడి నోరు దానంతటదే మూతపడుతుంది."

పొగడ్త అనుకుని రాజు పొంగిపోయాడు. "కొలవడమేమిటి, తినిపిస్తాను! సరైన మోతాదు బాగున్న గుర్రాన్ని కూడా ఏమీ చెయ్యదు. నా గుర్రం పాలనురుగును తీసుకురండి!"

బొల్లయ వేసిన లెక్క తప్పింది. కొలుస్తాడనుకున్నాడు గాని తినిపిస్తానంటాడనుకోలేదు. పాలనురుగు రాజుకు ప్రాణం. దానికేమైనా అయితే విరిగేది గంటం కాదు, మెడ.

మల్లుడు తెల్లగుర్రాన్ని నడిపించుకొచ్చాడు. పళ్ళెంలో ఉమ్మెత్తాకు పొడి, పక్కన బెల్లం. రాజు చెయ్యి పెట్టి ఒక్క పిడికెడు తీశాడు. పళ్ళెంలో పెద్ద గొయ్యి పడింది. బొల్లయ మల్లుడి వైపు చూశాడు. మల్లుడు నేల చూస్తున్నాడు. రాజు పొడిని బెల్లంలో కలిపి ముద్ద చేశాడు. మల్లుడు నేలే చూస్తున్నాడు. గుర్రం మెడ చాపింది. ముద్ద దాని పెదవి దగ్గరికి వెళ్ళింది.

"వద్దు ప్రభూ!" మల్లుడు రాజు కాళ్ళ మీద పడ్డాడు. "సాయంత్రానికి చచ్చిపోతుంది ప్రభూ! నోరులేని జీవం!"

రాజు ముద్దను వెనక్కి తీశాడు.

"గ్రంథంలో పిడికెడనే ఉంది. ఇది పిడికెడు కాదా?" అన్నాడు రాజు.

"పిడికెడే ప్రభూ. కానీ ఇది మూడు గుర్రాలను పడగొడుతుంది."

"మరి ఇన్నేళ్ళుగా లాయంలో ఎంత పెడుతున్నారు?"

మల్లుడు తల ఎత్తకుండానే చెప్పాడు. "అక్కలమ్మ పిడికెడు ప్రభూ. లాయంలో అదే కొలత. ఆవిడ పని మానేశాక ఆవిడ గుప్పిటకు సరిపడా కొయ్యచిప్ప చెక్కించి పెట్టుకున్నాం."

బొల్లయ సైగ చేశాడు. తలుపు పక్కన ఒదిగి ఉన్న అక్కలమ్మ వచ్చి, పళ్ళెంలోంచి తన పిడికెడు తీసి చూపించింది. కోడిగుడ్డు కూడా దాగనంత. మల్లుడు తలూపాడు.

రాజు మొహం ఎర్రబడింది. "అంటే? నా గ్రంథం చివరి ఆకు అబద్ధమంటావా బొల్లయా?"

బొల్లయ వంగి దండం పెట్టాడు.

"అక్షరాలా నిజం ప్రభూ! స్వహస్తంతోనే కొలిచారు. కాకపోతే అప్పుడు తమకు పదేళ్ళు. తమ చెయ్యీ ఈవిడ చెయ్యీ ఒకే కొలత. ఆ తరువాత తమ చెయ్యి రాజ్యంతో పాటు పెరిగింది. గ్రంథంలో పిడికెడు అక్కడే ఉండిపోయింది. ఎవరి పిడికెడో పక్కన రాసి ఉంటే, ఇవాళ పాలనురుగుకు ఈ గండం వచ్చేది కాదు."

రాజు ముసలమ్మను తేరిపార చూశాడు. చూసి చూసి, నెమ్మదిగా, "నువ్వు... గుర్రపుపిల్ల లేచి నిలబడ్డప్పుడు నా ముక్కు తుడిచావు కదూ?" అన్నాడు.

"తుడిచాను దొరా. ఆ మాట గ్రంథంలో రాయక్కర్లేదులే."

రాజు పగలబడి నవ్వాడు. కొలువు కూడా నవ్వింది, ఈసారి కొంచెం జాగ్రత్తగా. నవ్వు ఆగాక రాజు తిప్పన వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు ఈవిడ పేరు రాయలేదు?"

ఇక దాచడానికి బొల్లయ దగ్గర దమ్ము మిగల్లేదు. "రాశాడు ప్రభూ. ఆచారమని నేనే ఆ ఆకు తీసి పొయ్యిలో పెట్టాను."

"నేను ఒప్పుకున్నాను ప్రభూ. ఆ తప్పు నాది కూడా" అన్నాడు తిప్పన.

"ఆచారం చేసిన తప్పు కూడా" అన్నాడు రాజు. "ఇవాళ్టి నుంచి, చెప్పినవారికి గ్రంథం ఉన్నా లేకున్నా పేరు ఎక్కాలి. తిప్పనా, మొదటి ఆకు మళ్ళీ రాసి తెచ్చి శాలువా తీసుకో. బొల్లయా, నీ తెలివికి బంగారు గంటం ఇస్తున్నాను. నువ్వు కాల్చిన ఆకుకు శిక్ష కూడా ఉంది. నా నలభై ప్రతులున్న నలభై చోట్లకూ నువ్వే నడిచివెళ్ళి, ఆ గంటంతోనే చివరి ఆకు మార్చి రా. పిడికెడు అన్న చోటల్లా అక్కలమ్మ పిడికెడు అని రాయి."

"అదీ సరి కాదు దొరా" అంది అక్కలమ్మ.

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఇంకేముంది?"

"మందు నాది కాదు. మా అత్త కొండమ్మ చెప్పింది. కొలత మటుకే నాది. ఆవిడ పేరు కూడా వేయించు. బతికినన్నాళ్ళూ నన్ను వేధించింది, అయినా ఆవిడది ఆవిడకు ఇవ్వాలి గదా."

రాజు మళ్ళీ నవ్వాడు, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. అక్కలమ్మకు పట్టుచీర పెట్టి, పల్లకీలో ఇంటికి పంపాడు. బొల్లయ ఆ పూట నాలుగు రోజుల అన్నం ఒకేసారి తిని, మర్నాడు నడక మొదలుపెట్టాడు.

ఇదీ కథ. మొన్న మా పక్క ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇదే కథ మైకులో చెప్పి దండ వేయించుకున్నాడు. సూరప్ప పేరు ఎత్తలేదు. పోనీ. అక్కలమ్మను తీసేసి, ఆ చోట హిమాలయాల నుంచి దిగివచ్చిన మునిని పెట్టాడు. మునికి గుర్రాల పేడతో ఏం పని? ఆ రోజు అక్కడ కూర్చుని విన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ మునిని కొండకు పంపించేసి ముసలమ్మను తిరిగి రానివ్వమని గట్టిగా చెప్పండి.