ఆజ్ఞ వేసిన రాజు ఎవరు?

చాలాకాలం కిందట మణిగిరి రాజ్యాన్ని ఉదయమార్తాండుడనే రాజు ఏలేవాడు. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోనని ఆయనకు మహా గర్వం. ఆ గర్వంతోనే ఒకనాటి పొద్దున, సభకొచ్చిన ఇద్దరు పండితుల వాదం వినకముందే, ఓడినవాడు రాజ్యం విడిచిపోవాలని ఆజ్ఞ వేశాడు.

పడుచువాడైన ధర్మసేనుడు, మనిషి క్షణక్షణం మారిపోతాడనీ, పొద్దుటి మనిషి సాయంత్రానికి ఉండడనీ వాదించాడు. దీపంలో ఒకే మంట ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ప్రతి క్షణం అది కొత్త మంటే కదా అన్నాడు. వృద్ధుడైన నాగసూరి ఒప్పుకోలేదు. దేహం మారినా లోపలి మనిషి మారడనీ, లేకపోతే చిన్ననాటి చెరకు తీపి తనకింకా ఎలా గుర్తుంటుందనీ అడిగాడు.

రాజుకు ఒక్క ముక్కా బోధపడలేదు. ఆ మాట ఒప్పుకోవడం నామోషీ. అందుకని ఆస్థాన విదూషకుడు బొల్లనను పిలిచి, సభవారికి వాదం వివరించి ఓడిందెవరో తేల్చమన్నాడు.

బొల్లనకు ఆ వాదం తెగ నచ్చింది. ధర్మసేనుడి మాట వింటే అదే నిజమనిపించింది, నాగసూరి మాట వింటే ఇదీ నిజమే అనిపించింది. ఇద్దరిలో ఎవరు వెళ్లిపోయినా ఈ ముడి విడదని బెంగపడ్డాడు.

ముందు ధర్మసేనుణ్ణి, వాదానికొస్తానని నిన్న మాటిచ్చిన మనిషి ఇవాళ లేకపోతే ఆ మాట నిలబెట్టుకున్నదెవరని అడిగాడు. తర్వాత నాగసూరిని, లోపలి మనిషి మారనే మారకపోతే ఇంత చదువు నేర్చుకున్నదెవరని అడిగాడు. ఇద్దరూ ఆలోచనలో పడగానే బొల్లన రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, ఒకరు మార్పును చెప్పగలిగారు, మాట నిలుపుకోవడాన్ని చెప్పలేకపోయారు. ఇంకొకరు జ్ఞాపకాన్ని చెప్పగలిగారు, నేర్చుకోవడాన్ని చెప్పలేకపోయారు. ఇద్దరిదీ చెరి సగం."

"సగాలు నాకక్కర్లేదు. నాగసూరి ఓడాడు, పంపించండి."

"చిత్తం. అంటే ధర్మసేనులవారి మాటే నిజం. అలాగైతే పొద్దున ఆజ్ఞ వేసిన రాజుగారు ఇప్పుడు లేరు. లేనివారి ఆజ్ఞ ఎవరు పాటిస్తారు?"

"అయితే ధర్మసేనుడే ఓడాడు."

"అప్పుడు నాగసూరిగారి మాట నిజం. లోపలి మనిషి మారడు. ఉయ్యాలలో ఉన్ననాడు తమరికి ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు. పసిబిడ్డ ఆజ్ఞను ఏ భటుడు లెక్కచేస్తాడు ప్రభూ?"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. తన తల ఉంటుందో ఊడుతుందో తెలియక బొల్లన మెడ తడుముకున్నాడు.

రాజు మెల్లగా అడిగాడు. "మరి నేనెవరినోయ్?"

"వీరిద్దరూ వెతుకుతున్నది అదే ప్రభూ. ఒకరిని పంపేస్తే సగమే దొరుకుతుంది."

రాజు పగలబడి నవ్వాడు. పొద్దుటి నుంచీ తనకేమీ అర్థం కాలేదని సభ ముందే చెప్పేసి, ఆజ్ఞ రద్దు చేశాడు.

"చూశావా, మాట మార్చుకున్నాను. అయినా నేను నేనేగా?"

"తమరే ప్రభూ. ఇందాకటికంటే కాస్త మెరుగ్గా ఉన్నారు."

రాజు మళ్లీ నవ్వి, తన పట్టుశాలువా తీసి బొల్లన భుజాన కప్పాడు. మర్నాటి వాదానికి పండితులిద్దరి మధ్యా అతనికి పీట వేయించి, తాను సింహాసనం దిగి వచ్చి పక్కనే కూర్చున్నాడు.