వెండేటి సీమ చరిత్రలో రాజుగారి పేరు

రాజ్యం పేరు మనకు అక్కర్లేదు గానీ, దాన్ని ఏలిన కీర్తిధర మహారాజుకు ఒక్కటే యావ. తన పేరూ, తన వంశం పేరూ జనం నోళ్ళలో నానుతూ ఉండాలి. కోటగుమ్మానికి తన పేరు, పట్టపుటేనుగుకు తన పేరు, చివరికి వంటశాలలో కొత్తగా చుట్టిన లడ్డూకు కూడా తన పేరే పెట్టించాడు. మనిషి చెడ్డవాడు కాడు. పొగడ్త లేనిదే అన్నం సహించేది కాదు, అంతే.

ఆ రాజ్యానికి తూర్పు కొసన వెండేటి సీమ ఉండేది. వెండేరు అక్కడ రెండు పాయలుగా చీలి, రెల్లులంక అనే ఊరిని చుట్టుకుని, మళ్ళీ కలిసి సముద్రం దారి పడుతుంది. ఒక ఒడ్డును కోసుకుపోతుంది, ఆ మట్టే తెచ్చి ఇంకో ఒడ్డున పోస్తుంది. తాత దున్నిన పొలం మీద మనవడు పడవ నడుపుతాడు. తాత వల వేసిన చోట వంకాయలు పండిస్తాడు. అక్కడివాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

ఒకరోజు రాజుకు ఆ సీమ చరిత్ర, ఎల్లలతో సహా, రాయించాలని బుద్ధి పుట్టింది. బురదలో దిగడానికి పండితులెవరూ ముందుకు రాలేదు. చివరికి ఆస్థానంలో మాటకారి అని పేరుపడ్డ బొప్పనను పంపారు. అతడు ఒక వానాకాలమంతా లంకలో ఉండి, చేపల పులుసు తిని, ముసలివాళ్ళ కబుర్లు విని, రాసుకొచ్చి సభలో చదివాడు.

ఏటి పాయలు, రేవులు, మేతబీళ్ళు, పంటలు, అన్నీ ఉన్నాయి. కాలం చెప్పాల్సిన చోట మాత్రం గేదెల వరద, చింతచెట్టు వరద, పెళ్ళి వరద అని ఉంది. లంకవాళ్ళు ఏళ్ళను గుర్తుపెట్టుకునేది వరదలతోనే. ఒకడు పుట్టింది గేదెల వరదకు. ఇంకొకడు ఇల్లు కట్టింది పెళ్ళి వరద వచ్చిన మరుసటి ఏడు.

రాజు తన తాతగారి పేరు కోసం చివరిదాకా కాచుకుని కూచున్నాడు. ఆ పేరు రానేలేదు. మరి అక్కడ తాతగారు వేయించిన శాసనం ఏమైందని అడిగాడు. శాసనం రాయి భేషుగ్గా ఉందనీ, లంకవాళ్ళు పడవలన్నీ దానికే కట్టుకుంటున్నారనీ బొప్పన మనవి చేశాడు.

రాజు ముఖం కందగడ్డ అయింది. లంకలో అందరికంటే పెద్దదైన అచ్చియమ్మను పిలిపించి, ఆమె పెళ్ళి ఏ ప్రభువు ఏలుబడిలో జరిగిందని తానే అడిగాడు.

"ఏ ప్రభువో నాకు తెలవదు బాబూ. చింతచెట్టు వరద తీసేశాక, ఊరంతా ఆరినాక అయ్యింది," అంది ఆమె, ఉన్నమాట చెప్పడానికి భయమెందుకన్నట్టు.

రాజు అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. ఇకమీదట ఆ చరిత్రలో వరద అన్న మాట వినపడకూడదు. అది ఉన్న చోటల్లా అప్పుడు ఏలుతున్న ప్రభువు పేరు ఉండాలి. దసరా నాడు పొరుగు రాజుల ముందు దాన్ని చదవాలి. చదివింది విని తన మనసు నిండకపోతే లంకవాళ్ళు ఊరు ఖాళీ చేయాలి, లంక తన వేటకు విడిది అవుతుంది.

అచ్చియమ్మను పడవ ఎక్కించడానికి బొప్పన రేవు దాకా వెళ్ళాడు.

"ఏరు తీసుకుపోతే పైయేడు మట్టి తెచ్చి మళ్ళీ ఇస్తాది బాబూ," అంది ఆమె పడవలో కాలు పెడుతూ. "రాజుగారు తీసుకుపోతే ఎవరిస్తారు?"

తన రాతే ఈ ముసలిదాని ఇంటి మీదికి ముప్పు తెచ్చిందని బొప్పనకు తెలుసు. ఆ చరిత్రను ముందేసుకుని కూచుని, రాజు చెప్పినట్టే మార్చాడు. ఒక్క మాట కూడా సొంతంగా చేర్చలేదు.

దసరా వచ్చింది. పొరుగు రాజులు పట్టు తలపాగాలతో బారుగా కూచున్నారు. అచ్చియమ్మ లంకవాళ్ళతో కలిసి స్తంభాల వెనక నిలబడింది. కీర్తిధరుడు మీసం సవరించుకుని, కానివ్వమన్నాడు. బొప్పన గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద ప్రభువులైన తాతగారు శ్రావణమాసంలో గట్టు తెంచుకుని రెల్లులంకలో పడ్డారు. పడమటి వీధిలో గోడలన్నీ కూల్చారు. జనం పిల్లాపాపలతో చింతచెట్టెక్కి, తాతగారు ఎప్పుడు పోతారా అని దేవుడికి మొక్కుకున్నారు."

సభలో ఎవరికో పొరబోయింది.

"తరవాత కీర్తిధర మహారాజులవారు అంతకు రెట్టింపు ఉధృతంగా వచ్చారు. గేదెలను ఈడ్చుకుపోయారు. గాదెల్లో ధాన్యం ఒక్క గింజ మిగల్చలేదు. మహారాజులవారు తగ్గుముఖం పట్టాక, ఊరంతా చేటలతో బురద ఎత్తిపోసుకుని..."

పొరుగు రాజులు ఉత్తరీయాలు నోళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. కీర్తిధరుడు ఆపమని చెయ్యెత్తాడు. ఇదేం రాత అని అడిగాడు.

"ప్రభువుల ఆజ్ఞే. వరద ఉన్న చోటల్లా ప్రభువుల పేరు పెట్టాను. అక్షరం దాటలేదు."

"అయితే నా గురించి వాళ్ళు ఇలా అనుకుంటున్నారా?"

"వాళ్ళు తమరి గురించి ఏమీ అనుకోవడం లేదు ప్రభూ. వాళ్ళ గడప దాకా వచ్చినవాళ్ళనే వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ఏరు వచ్చింది. తమరు గానీ, తాతగారు గానీ ఎన్నడూ వెళ్ళలేదు. పన్ను వసూలుకు వెళ్ళిన అధికారి మాత్రం గుర్తున్నాడు. ఆ భాగం చదవమంటారా?"

"వద్దు," అన్నాడు రాజు.

ఆయన కళ్ళు స్తంభాల వెనక నిలబడ్డ ముసలిదాని మీద ఆగాయి. తరవాత లంక లంకవాళ్ళదేననీ, చరిత్రను మొదట రాసినట్టే ఉంచమనీ చెప్పి సభ చాలించాడు.

మరో రెండేళ్ళకు వెండేరు మళ్ళీ పొంగింది. ఈసారి రాజు కోటలో కూచోలేదు. బియ్యం పడవల్లో తానే బయల్దేరాడు. నీళ్ళు తీసేదాకా లంకలోనే ఉండి, తడిబట్టలతో బస్తాలు అందించాడు, జనంతోపాటు గంజి తాగాడు.

ఆ మరుసటి ఏడు బొప్పన లంకకు వెళ్ళొచ్చాడని తెలిసి, రాజు అతణ్ణి చాటుగా పిలిపించాడు. వాళ్ళు ఆ వరదకు ఏం పేరు పెట్టారో చెప్పమన్నాడు. బొప్పన నసిగాడు. రాజు గట్టిగా అడిగాడు.

"రాజుగారు జారిపడ్డ వరద, ప్రభూ."

రేవులో దిగుతూ బురదలో వెల్లకిలా పడడం, అచ్చియమ్మ రెక్క పట్టుకుని లేవదీసి, దెబ్బేమైనా తగిలిందా నాయనా అని ఒళ్ళంతా తడిమి చూడడం రాజుకు గుర్తొచ్చింది. కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. నవ్వుతూనే చేతి కంకణం తీసి బొప్పన చేతికి తొడిగాడు.

"ఆ పేరు అలాగే రాయి," అన్నాడు. "ఎవరైనా దిద్దబోతే నాతో చెప్పు."