ఎనిమిదో తాడు

సోమలింగం మేష్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "ఆదివారం పొద్దున్న రా, ఆడుతూ చూద్దాం" అంటారు. ఆయన కోలాటం గురువు. కోనసీమలో మా చుట్టుపక్కల ఊళ్ళలో కోలాటం కర్రలు పట్టిన ఆడవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర అడుగులు నేర్చినవాళ్ళే. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆదివారం వెళ్ళినవాళ్ళందరికీ జవాబు దొరికిందని చెప్పలేను గానీ, పిక్కలు పట్టేయడం మాత్రం ఖాయం.

ఆ ఏడు మాఘమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం హైమావతి ఇలాంటి ప్రశ్నే ఒకటి పట్టుకొచ్చింది. హైమ కాకినాడ అమ్మాయి. సమాజసేవ మీద పెద్ద చదువు చదివి, మా ఊరి తోడునీడ కేంద్రంలో ఉద్యోగానికి వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లల్ని చేరదీసి, కుట్టుపనో కంప్యూటరో నేర్పి, మళ్ళీ పరీక్షలకు కూర్చోబెట్టడం ఆ కేంద్రం పని. పని అయ్యాక మేష్టారి దగ్గర కోలాటం నేర్చుకునేది. మంచి పిల్ల, కష్టపడే మనిషి. కాకపోతే ఎంతటి మనిషినైనా రెండు పేజీల ఫారంలో సర్దేయవచ్చని ఆమెకు గట్టి నమ్మకం.

"మేష్టారూ, నాగసత్య అని పదహారేళ్ళ పిల్ల ఉందండి. చాలా తెలివైంది. పదో తరగతి మధ్యలో మానేసింది. కుట్టు క్లాసులో చేర్చాను. గంట కూడా కూర్చోకుండా లేచి వెళ్ళిపోయేది. కంప్యూటర్ క్లాసులోనూ అంతే. పోనీ అని హాస్టల్లో చేర్పిస్తే మూడోరోజుకల్లా ఇంట్లో ఉంది. ఎంత నచ్చజెప్పినా తల వంచుకుని నించుంటుంది, నోరు విప్పదు. సోమవారం మా కమిటీ కూర్చుంటుంది. అధ్యక్షుడు తాతారావుగారు ఆ పిల్ల పేరు కొట్టేసి ఇంకొకరికి చోటిద్దాం అంటున్నారు. కొట్టేస్తే ఇక ఈ ఏడు పరీక్ష లేనట్టే. మళ్ళీ చదువు ముఖం చూస్తుందన్న ఆశ నాకు లేదు. నన్నేం చెప్పమంటారు? తప్పు ఆ పిల్లదా, నాదా?"

మేష్టారు చేతిలో ఉన్న తాళాలను పంచె అంచుతో తుడుస్తూ అంతా విన్నారు.

"ఆదివారం పొద్దున్న రా. ఆ పిల్లనీ, ఇంట్లోవాళ్ళనీ, మీ తాతారావుగారినీ తీసుకురా. జడ వేద్దాం."

"తాతారావుగారు కోలాటానికి వస్తారాండీ?"

"పెసరట్టు, ఉప్మా ఉన్నాయని చెప్పు."

జడ కోలాటం చూడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. నడుమ ఒక నిలువు గుంజ పాతి, దాని కొస నుంచి రంగురంగుల తాళ్ళు వదులుతారు. మనిషికొక తాడు. సగం మంది ఒకవైపు తిరుగుతారు, సగం మంది వాళ్ళకు ఎదురు తిరుగుతారు. ఎదురైన మనిషిని ఒకసారి లోపలినుంచి, మరోసారి బయటనుంచి దాటుకుంటూ పోతే పైన తాళ్ళు జడలాగా అల్లుకుంటూ కిందికి దిగుతాయి. ఆ తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోతుంది. మేష్టారి నియమం ఒక్కటే. జడ పూర్తిగా విడిపోయేదాకా ఎవరూ తాడు వదలకూడదు.

ఆదివారం మేష్టారి కొబ్బరి దొడ్లో అందరం చేరాం. నాగసత్య తల్లి మాణిక్యం రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది, ఆ రోజు సెలవు. నానమ్మ అచ్చియ్యమ్మకు డెబ్బై దాటినా నడకా నోరూ రెండూ చురుకే. తండ్రి సూరిబాబును మాత్రం ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దించవలసి వచ్చింది. అది చూసి హైమ తెల్లబోయింది. ఆమె ఫారంలో అతని పేరుకెదురుగా 'కొబ్బరి దింపు పని' అని ఉంది. ఆ కాగితం నింపిన నెలలోపే అతను చెట్టుమీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న సంగతి కాగితానికి తెలియదు.

"నేనేం ఆడతానండీ బాబూ!" అని సూరిబాబు నవ్వాడు. మేష్టారు గుంజ పక్కనే పడక్కుర్చీ వేయించి అతన్ని కూర్చోబెట్టారు.

"నువ్వు పైకి చూస్తూ ఉండు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా. తాళ్ళు ఎలా పడుతున్నాయో కనిపెట్టు."

ఇక ఎనిమిది తాళ్ళకు ఎనిమిది మందిమి. ఎర్రతాడు నాగసత్యది, పచ్చతాడు హైమది. మాణిక్యం, అచ్చియ్యమ్మ చెరొకటి తీసుకున్నారు. మూడు తాళ్ళు మేష్టారి పాత శిష్యురాళ్ళం పట్టుకున్నాం. మిగిలిన పసుపుతాడు తాతారావుగారి వంతు వచ్చింది. పెసరట్టు తిని వెళ్ళిపోదామని వచ్చిన పెద్దమనిషి, కండువా నడుముకు బిగించి, పెళ్ళిపీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకంత ముభావంగా నిలబడ్డారు. ముందు ఉత్తచేతులతో నాలుగుసార్లు నడిపించి, తర్వాత తాళ్ళు చేతికిచ్చి, మేష్టారు తాళం మొదలుపెట్టారు. పాట ఊపందుకుంది. నాగసత్య అడుగు ఎంత తేలిగ్గా పడుతోందో! తల ఎత్తి, నవ్వుతూ ఆడుతోంది. ఆ పిల్ల నవ్వు చూస్తే నాకు భలే ముచ్చటేసింది.

జడ జానెడు దిగేసరికి మేష్టారు తాళం ఆపేశారు. "ఎక్కడో తప్పింది. ఆగండి."

"ఆ పిల్లే! బయటనుంచి పోవాల్సింది లోపలికి దూరింది. నా కళ్ళతో చూశాను!" అన్నారు తాతారావుగారు. నిజానికి మేం కూడా చూశాం. అవునన్నట్టు నేనూ తలూపాను.

"ఎర్రతాడు కాదండి. ముందు పచ్చతాడు..." అని సూరిబాబు ఏదో చెప్పబోయాడు.

"కన్నతండ్రివి, నువ్వు అలాగే అంటావులేవయ్యా" అని తాతారావుగారు కొట్టిపారేశారు.

నాగసత్య ముఖంలో నవ్వు పోయింది. తాడు వదిలేసి, వెళ్ళి కాలవగట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. హైమ ఆరు నెలలుగా పడుతున్న అవస్థ ఇదేనని మాకు అర్థమైంది.

"సరే, ఇక మనం కూడా వదిలేద్దామా?" అని తాతారావుగారు ఆశగా అడిగారు.

"వదిలితే చిక్కు బిగిసిపోతుందండి. ఆ అమ్మాయి వచ్చి వెనక్కి నడవాలి."

"ఆ తాడేదో మీరే పట్టుకోవచ్చు కదా!"

"ఆ అమ్మాయి వేసిన అడుగులు నాకేం తెలుసండీ? ముందుకు వేసినవాళ్ళే వెనక్కి వెయ్యాలి" అని మేష్టారు వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు.

ఏడుగురం ఏడు తాళ్ళు పట్టుకుని కట్టేసిన పశువుల్లా నిలబడ్డాం. మాణిక్యం కూతుర్ని తిట్టింది. హైమ కేంద్రంలో మాట్లాడే మెత్తని గొంతుతో బతిమాలింది. తాతారావుగారు రేపటి కమిటీ సంగతి గుర్తుచేసి బెదిరించారు. గట్టు మీద వీపు కదల్లేదు. చేసేందుకు మరో పని లేక హైమ పక్కనున్న మాణిక్యంతో మాట కలిపింది.

"పొద్దుటిపూట ఆయన్ని ఎవరు చూసుకుంటారమ్మా?"

"ఇంకెవరండీ, సత్యే. నేను తెల్లారకుండా షెడ్డుకెళ్తే వచ్చేసరికి ఒంటిగంట అవుద్ది. మా అత్తకి ఆయన్ని లేపే బలం యాడుంది? మనిషి ఆసరా లేకపోతే దొడ్డికి కూడా వెళ్ళలేడండి. మీరేమో క్లాసు పదింటికి పెడతారు. ఇది కూర్చుంటది గానీ మనసంతా ఇంటికాడే."

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట చెప్పలేదేమమ్మా?"

"మీరు దాని గురించే అడిగేవోరు గానీ, మా గురించి ఎప్పుడడిగారండీ? అయినా కూతురు లేపితే గానీ లేవలేని మగోడని ఊరంతా చెప్పుకోవాలాండీ?"

సూరిబాబు ఇంకాస్త శ్రద్ధగా పైకి చూడసాగాడు. హైమకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాడు పట్టుకున్న చేత్తోనే తుడుచుకుంది. ఆరు నెలల కష్టం ఎక్కడ పోయిందో ఆ క్షణాన ఆమెకు తెలిసొచ్చినట్టుంది. నాకు మాత్రం ఒకటే అనిపించింది. తాళ్ళకు కట్టుబడి నిలబడకపోతే ఈ ఇద్దరూ ఇంతసేపు మాట్లాడుకుని ఉండేవారు కాదు.

ఈలోగా తాతారావుగారి ఓపిక అయిపోయింది. "అయితే క్లాసు మధ్యాహ్నం రెండింటికి పెడితే పోలా? నేను ఒప్పుకుంటున్నాను! మీరూ ఒప్పుకోండి! చెయ్యి పడిపోతోంది!" అని గోలపెట్టారు. మేష్టారి భార్య కాఫీ గ్లాసు తెచ్చి నోటికి పెడితే చంటిపిల్లాడిలా తాగేశారు. మేం నవ్వాపుకోలేకపోయాం. గట్టు మీద వీపు కూడా కాస్త అదిరినట్టనిపించింది.

అప్పుడు అచ్చియ్యమ్మ గొంతు సవరించుకుంది. "ఒసే సత్యా! నీకోసం ఏం రావొద్దులే. నా చెయ్యి లాగేస్తందే! నువ్వు లేకపోతే మాలో ఒక్కళ్ళం కూడా కదల్లేం. ఒచ్చి మమ్మల్ని విడిపించి, తర్వాత నీ ఇష్టం, యాడికి పోతావో పో."

నాగసత్య వెనక్కి తిరిగి చూసింది. వేలాడుతున్న ఎర్రతాడును చూసింది, ఒక చేత్తో ఇంకో చేతిని మోస్తున్న నానమ్మను చూసింది. లేచి, లంగా దులుపుకుని, వచ్చి తాడందుకుంది.

మేష్టారు తాళం నెమ్మదిగా వేస్తుంటే వెనక్కి నడిచాం. లోపల, బయట, లోపల, బయట. నాలుగో మలుపులో ఎర్రతాడూ పచ్చతాడూ మెలిపడి బిగుసుకున్నాయి.

"ఇక్కడ బయటనుంచి పోయిందెవరు?" అని మేష్టారు అడిగారు.

హైమ తన అడుగుల్ని తనే మనసులో లెక్కపెట్టుకుంది. "నేనే మేష్టారూ. దీనికి ముందూ బయటనుంచే పోయాను, ఇక్కడా బయటనుంచే పోయాను. తప్పు నాది."

నాగసత్య మొదటిసారి నోరు విప్పింది. "మేడంగారు నా కాళ్ళకేసే చూస్తా నడిచారండి. మనిషిని చూసుకోలేదు. గుద్దుకుంటామని నేనే లోపలికి తప్పుకున్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేమే?" అంది నానమ్మ.

"చెప్తే నమ్ముతారేంటి మామ్మా?"

"నేను చెప్పాను కదా!" అని సూరిబాబు కుర్చీ కిర్రుమనేలా లేవబోయాడు. అంతకన్నా సంతోషంగా ఉన్న మనిషిని ఆ దొడ్లో ఆ రోజు నేను చూడలేదు. తాతారావుగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఊరికే తలూపినందుకు నేను నాగసత్య ముఖం చూడలేకపోయాను. హైమ ఒక అడుగు తప్పుకుంది, నాగసత్య ఒక అడుగు బయటికొచ్చింది, మెలి విడిపోయింది. మిగతా జడ చకచకా వీడింది. ఎనిమిది తాళ్ళూ ఎవరివి వారి చేతుల్లో ఉన్నాయి.

అందరం పెసరట్ల మీద పడ్డాం. తాతారావుగారు నాలుగోది తింటూ, ఈసారి తాళం కాస్త తొందరగా వేస్తే బాగుంటుందని సలహా కూడా ఇచ్చారు. నాగసత్య తండ్రికి కంచం అందించి, హైమ పక్కన వచ్చి కూర్చుంది. మేష్టారు మాత్రం తినకుండా గుంజ దగ్గర తాళ్ళు చుడుతున్నారు. హైమ చెయ్యి కడుక్కుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"మేష్టారూ, రేపు కమిటీలో ఈ పిల్ల పేరు గురించి అడుగుతారు. మీరింకా నాకు జవాబు చెప్పలేదు."

తాతారావుగారు నమలడం ఆపి ఇటు చూశారు. మేష్టారు ఎర్రతాడు చుట్టడం పూర్తి చేసి, మిగతా వాటి పక్కన పెట్టారు.

"ఏడు తాళ్ళతో జడ వెయ్యడం నాకింకా రాలేదమ్మా. వచ్చిన రోజున చెప్తాను."