మీనకాంతల పుట్టింటి త్రోవ

పూర్వం, అంటే దేవేంద్రుడు రెక్కలు తెగగొట్టిన గాయాలు కొండలకు ఇంకా పూర్తిగా మానని కాలంలో, మణిశృంగమనే పర్వతం అడుగున హేమధన్వుడనే రాజు ధర్మం తప్పక ప్రజలను పాలిస్తూ ఉండేవాడు. ఆయన సత్యసంధుడు, శరణాగతవత్సలుడు, అతిథిపూజలో అలుపెరుగనివాడు. ఒక్క లోపం మాత్రం ఉండేది. ఎవరు తల వంచినా తనకే నమస్కరిస్తున్నారనుకొనేవాడు. గాలికి వరిచేను వంగినా రథమాపించి, చెయ్యెత్తి దీవించి మరీ ముందుకు సాగేవాడట. నేను చూడలేదు గాని, నాకు చెప్పినవాళ్లు అబద్ధమాడేవాళ్లు కారు.

ఆ పర్వతం మీద పుట్టి, బండ మీదనుంచి బండ మీదికి దూకుతూ, నురగలు కక్కుతూ, శీతవేణి అనే పుణ్యనది కిందికి వచ్చేది. నది పుట్టినచోట శైవాల మహర్షి కంఠం లోతు నీటిలో నిలిచి తపస్సు చేస్తుండేవాడు. ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు. గడ్డమంతా పచ్చటి నాచైపోయింది. ఏటేటా తొలకరి పడగానే నిండు చూలాండ్రైన మీనకాంతలు, పల్లపు మడుగులు విడిచి, ప్రవాహానికి ఎదురీది, మహర్షి పాదాల చెంతకు చేరి, చల్లగా పారే నీటి అడుగున గులకరాళ్ల నడుమ గుడ్లు పెట్టేవి. పుట్టిన పిల్లలు ఆయన గడ్డంలో దాగుడుమూతలాడేవి. చక్కిలిగింతకు మహర్షి పెదవి కాస్త వంకరపోయేది గాని, జపం తప్పేది కాదు. అంతటి నిష్ఠాగరిష్ఠుడు.

ఇట్లుండగా హేమధన్వుని పట్టమహిషి, కమలదళాయతాక్షి కాంతిమతీదేవి గర్భవతి అయింది. వేవిళ్లలో మన ఇళ్ల ఆడవాళ్లు పుల్లమామిడికాయ అడుగుతారు. ఆమె మహారాణి గనుక, కదలని నీటిలో పడవెక్కి తామరపూలు కోయాలని అడిగింది. పరుగెత్తే నదిలో తామర ఎక్కడ నిలుస్తుంది? రాజు ఆలోచించి, రెండు కొండల నడుమ నదికి అడ్డంగా రాతిగోడ కట్టించాడు. శీతవేణి జన్మలో మొదటిసారి నిలబడింది. సరస్సు ఏర్పడింది, తామరలు పూశాయి, రాణి కోరిక తీరింది.

తొలకరి వచ్చింది. మీనకాంతలు వచ్చాయి. నిరుడు లేని గోడ ఈ ఏడు ఎదురైంది. ఎగిరి దానికి కొట్టుకొని పడ్డాయి. మళ్లీ ఎగిరాయి, మళ్లీ పడ్డాయి. వెండిపళ్లేలు విసిరినట్టు వేలకు వేలు చేపలు ఎగిరిపడుతుంటే చూచి రాజు ఆశ్చర్యపోయి, పక్కనున్న మంత్రి సుముఖుణ్ణి అడిగాడు.

"సుముఖా, ఇవి ఏం చేస్తున్నాయి?"

"తమ దర్శనానికి వచ్చాయి ప్రభూ. ఎగిరెగిరి నమస్కరిస్తున్నాయి."

రాజుకు కళ్లు చెమర్చాయి. గోడమీద మంటపం కట్టించి, రోజూ ఉదయం కిరీటం ధరించి కూర్చుని, చేపలను దీవిస్తూ పేలాలు చల్లేవాడు. ఒక్క చేపా వాటిని ముట్టలేదు.

"తినడం లేదేమి?"

"ఉపవాసమున్నట్టున్నాయి మహారాజా."

"ఏకాదశి కాదే."

"భక్తికి తిథితో పనేముంది ప్రభూ," అన్నాడు సుముఖుడు. ఆ పేరు ఆయనకు ఊరికే పెట్టలేదు.

సీమంతం జరిగింది. తొలిచూలు పుట్టింట నీళ్లాడాలన్నది ఆచారం గనుక, మణిశృంగానికి ఆవల ఉన్న తల్లిగారి నగరానికి రాణిని పల్లకిలో పంపారు. పొద్దున బయలుదేరిన పల్లకి పొద్దుగుంకే వేళకు ఆ రాతిగోడ దగ్గరే తేలింది. మర్నాడు వేరే దారి పట్టారు. అదీ తిరిగి తిరిగి గోడ దగ్గరకే తెచ్చింది.

"అమ్మగారూ, మేం తిన్నగానే నడిచామండీ," అన్నారు బోయీలు. "దారే వంకర తిరిగిపోతోంది."

జ్యోతిష్కులు గ్రహాలను నిందించారు. శాంతులు చేశారు. దారి మాత్రం తిన్నబడలేదు. చూస్తుండగా నెలలు నిండవస్తున్నాయి. తల్లి చెంతకు చేరలేక, వెనక్కు పోలేక, కాంతిమతి అలసి పల్లకి దిగి, గోడ కింద నీటి అంచున కూలబడింది.

అప్పుడొక పెద్ద చేప, మీనకులానికంతా పెద్దముత్తైదువ, మహాశఫరి అనే పేరు గలది, ఆమె పాదాల దగ్గరకు వచ్చింది. దాని మూతి చిట్లి ఉంది.

"ఎన్నో నెల తల్లీ?" అన్నదా చేప.

మహారాణులు చేపలతో మాట్లాడరు. కాని ఆ ప్రశ్న ఎవరు వేసినా చూలాలు జవాబు చెప్పకుండా ఉండలేదు.

"తొమ్మిదో నెల వచ్చింది. అమ్మ దగ్గరకు వెళ్లాలని బయలుదేరాను. దారి సాగడం లేదు. నీ సంగతేమిటి?"

"మేమూ పుట్టింటికే బయలుదేరాం. మాకు నెలల లెక్క లేదమ్మా. వాననీళ్లు తీసేలోగా పైకి చేరాలి. గడువు దాటితే కడుపులోనే..."

కాంతిమతి గోడవంక చూచింది. చిట్లిన మూతులు, బరువైన పొట్టలు చూచింది. గోడకు ఆవల తాను కోరిన తామరలు కూడా గుర్తుకొచ్చాయి. తర్వాత రాజుకు కబురంపింది.

రాజు పరుగున వచ్చి విని, "అంతేనా," అన్నాడు. "ఒక్కొక్కదానికి ఒక్కో బంగారు పల్లకి చేయిస్తాను. మోయించి పైన దింపుతాను."

"పల్లకిలో మాకు ఊపిరాడదు నాయనా," అన్నది మహాశఫరి.

"అయితే ఈ గోడ కింది మడుగులోనే ప్రసవించండి. మంత్రసానులను పెడతాను."

"నిలిచిన నీళ్లలో బురద దిగుతుంది. గుడ్ల మీద బురద పేరుకుంటే పిల్ల బతకదు. పారే నీరు కావాలి, కింద గులకరాళ్లు కావాలి. అవి మా పుట్టింట ఉన్నాయి."

ఇంతలో శైవాల మహర్షి తపస్సు విడిచి, నాచుగడ్డం నేలమీద ఈడ్చుకుంటూ అక్కడికి వచ్చాడు. రాజు సాష్టాంగపడ్డాడు.

"ఓ రాజా, ఈ ఏడు చక్కిలిగింత లేక నాకు జపమే సాగడం లేదు. ఎవరినో ఒకరిని శపిద్దామని కమండలం పట్టుకుని వచ్చాను," అన్నాడు మహర్షి. "తీరా చూస్తే, ఈ మూగజీవాలు జలాధిదేవుడైన వరుణునికి మొరపెట్టుకొని ఉన్నాయి. ఆయన తన పాశంతో నీ రాణి దారిని బంధించాడు. శిక్ష వద్దు స్వామీ, ఆ తల్లికి మా బాధ తెలిస్తే చాలు అన్నవి కూడా ఇవే. ఇక నేను శపించడానికి ఏం మిగిలింది?"

హేమధన్వుడు నీటివంక చూస్తూ నెమ్మదిగా అడిగాడు. "అయితే ఇన్నాళ్లూ ఇవి నాకు నమస్కరించడం లేదా?"

"లేదు నాయనా," అన్నది మహాశఫరి. ఆ మాటలో కోపం లేదు.

సుముఖుడు నేల చూపులు చూశాడు.

రాజు కిరీటం తీసి రాణి చేతిలో పెట్టి, మంటపాన్ని తానే పడదోసి, మొలలోతు నీటిలో దిగాడు. పరివారం వారిస్తున్నా వినక, గోడలో రాయి పెకలించడానికి నడుం వంచాడు. ఆయన అంతగా వంగడం రాజ్యంలో ఎవరూ చూడలేదు. రాయి కదిలింది. వెంట వచ్చిన బోయీలూ భటులూ తలొక రాయీ లాగారు. శీతవేణి హోరున దూకింది. ఆ ప్రవాహానికి ఎదురుగా మహాశఫరి ఎగిరి, వంగిన రాజు తలమీదుగా దాటిపోయింది. దాని వెనుక మీనకులమంతా దాటింది. అవన్నీ పోయేదాకా రాజు తల ఎత్తలేదు.

అప్పుడు మకరవాహనుడైన వరుణదేవుడు ప్రత్యక్షమై, వరం కోరుకొమ్మన్నాడు.

"స్వామీ, నా రాజ్యంలో పుట్టింటికి పోయే ఏ చూలాలికీ, అది నడిచేదైనా ఈదేదైనా, దారి మూసుకుపోకుండా అనుగ్రహించు."

"తథాస్తు. తొలకరి మొదలు పిల్లలు పల్లానికి దిగేవరకు ఈ నదిలో వల పడకుండా, ప్రవాహం ఆగకుండా నీవు చూచుకో. సకాలంలో వానలు కురిపించడం నేను చూచుకుంటాను," అని వరుణుడు పాశం విప్పాడు.

ఆ సాయంకాలమే పల్లకి సాగింది. నీటిలో చేపలు, ఒడ్డున రాణి, పక్కపక్కనే కొండెక్కారు. రాణికి మగశిశువు కలిగాడు. మహర్షికి ఎందరు కలిగారో లెక్కలేదు. ఆయన పెదవి మళ్లీ వంకరపోయింది, జపం మళ్లీ కుదురుకుంది.

శరత్కాలంలో రాణి బిడ్డనెత్తుకొని తిరిగివచ్చేనాడు, గోడ ఉండినచోట రాజు ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అంతలో వేలికొనంత చేపపిల్లలు గుంపులుగా దిగివస్తూ, ఆయన ఎదుట ఎగిరి ఎగిరి పడ్డాయి. సుముఖుడు నోరు తెరిచాడు.

"ఊరుకో సుముఖా, నాక్కాదు," అన్నాడు రాజు. చేతులు జోడించి, తానే వాటికి నమస్కరించాడు.

ఈ కథ విన్నవారి ఆడపడుచులు సుఖంగా పుట్టిల్లు చేరుదురు గాక. నదికి అడ్డం రాయి పెట్టబోయేవారు, అది ఎవరి పుట్టింటి త్రోవో ముందు కనుక్కొని పెట్టుదురు గాక.